ప్లాస్టిక్ ట్యాంకులో ఇత్తడి బుష్షు

బోల్టు చెడిపోయే క్షణం చేతికి తెలుస్తుంది. అప్పటిదాకా బిగుస్తూ వచ్చిన పానా ఒక్కసారిగా మెత్తబడుతుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా తిరుగుతుందే గానీ బిగియదు. ఆ మెత్తదనం మణికట్టుకు తగులుతుంది. పని నేర్చుకుంటున్న మీలో ఎవరికైనా అది ఇంకా అనుభవంలోకి రాకపోతే, ఏదో ఒక రోజు వస్తుంది. ఆ రోజున ఏం చేయకూడదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను అవన్నీ చేసినవాణ్ణే.

తొంభైల మొదట్లో రేపల్లెలో ఒక చిన్న ఆసుపత్రి బండ్ల షెడ్డులో మెకానిక్‌గా ఉండేవాణ్ణి. చర్చి వాళ్లు నడిపే ఆసుపత్రి అది. అంతకుముందు ఆరేళ్లు తెనాలిలో ఇనుము చెక్కే లేతు మిషను మేస్త్రి ఒకాయన దగ్గర పని నేర్చుకున్నాను. ఆసుపత్రిలో ఒక జీపు, ఒక జనరేటరు, రెండు నీళ్ల మోటార్లు ఉండేవి. తుఫాను కొట్టిపోయిన మరుసటేడు వాటికి తోడు ఒక వింత బండి వచ్చింది. ఎక్కడో విదేశాల్లో దాతలు ఓడలో పంపారట. మోటారు సైకిలుకు నాలుగు లావుపాటి చక్రాలు తగిలించినట్టు ఉండేది. ఇసుకలో పోతుంది, బురదలో పోతుంది. వెనక చట్రం మీద మందుల పెట్టె, టీకాల ఐసుపెట్టె కట్టుకోవచ్చు. జీపు ఆగిపోయే చోటు నుంచి సముద్రం ఒడ్డు పల్లెల దాకా కరకట్ట మీద వెళ్లడానికి అది తప్ప మాకు మరో దారి లేదు. అప్పటికే రొయ్యల చెరువులు తవ్వి తవ్వి బండిబాటలన్నీ తెగ్గొట్టేశారు.

దాన్ని తోలడానికి ఒక పెద్దాయన్ని పెట్టారు. జంపని చక్కెర ఫ్యాక్టరీకి ఏళ్ల తరబడి చెరుకు ట్రాక్టరు తోలిన మనిషి. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బాయ్ అనేవాడు. బండి ఎక్కే ముందు చక్రాలు నాలుగూ చేత్తో తట్టి చూసుకునేవాడు, ఎడ్లను నిమిరినట్టు. వారానికి రెండుసార్లు ఒక నర్సమ్మను వెనక కూర్చోబెట్టుకుని పల్లెలకు తీసుకెళ్లి, సాయంత్రానికి తీసుకొచ్చేవాడు. సిస్టరమ్మ అని పిలిచేవాళ్లం ఆవిణ్ణి.

ఒకరోజు బండి తుడుస్తుంటే పెట్రోలు ట్యాపు దగ్గర తడి కనిపించింది. ఆ బండి ట్యాంకు ఇనుముది కాదు, మందపాటి ప్లాస్టిక్కుది. కింద ట్యాపును రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి. ప్లాస్టిక్కులో మరలు నిలవవు కాబట్టి, ఆ బోల్టులు దిగే చోట లోపల మరలున్న చిన్న ఇత్తడి గొట్టాలు, బుష్షులంటాం, పొదిగి ఉంచారు. ఆ రెండూ బిగువుగా ఉంటేనే మధ్యలో రబ్బరు రింగు నొక్కుకుని పెట్రోలు ఆగుతుంది. రింగు గట్టిపడితే మార్చాలి, అంతే పని. రింగు నా దగ్గర లేదు. ఆ సైజుది తెనాలిలో వెతికి తెచ్చుకోవాలి. బద్ధకించి పొడుగు పానా తీసుకుని బోల్టు బిగించాను. ఇంకాస్త బిగించాను. పానా మెత్తబడింది.

ఇత్తడి బుష్షు ప్లాస్టిక్కులో గిర్రున తిరుగుతోంది. బోల్టు ఇక బిగియదు, ఊడి రాదు కూడా.

ఎవరూ చూడలేదు. బట్టల సబ్బు ముక్క తీసుకుని మెత్తగా పిసికి ట్యాపు చుట్టూ మెత్తాను. పెట్రోలుకు సబ్బు కరగదు, గట్టిపడి ఆపుతుంది. పాత మెకానిక్కులందరికీ తెలిసిన చిట్కా. ఊరు చేరేదాకా ఆపడానికి అది మంచిదే. నేను దాన్ని మరమ్మతు అనుకున్నాను. బాబాయ్‌కి చెప్పలేదు.

రెండు వారాలు ఆగింది. మూడో వారం పల్లె నుంచి తిరిగి వస్తుండగా కరకట్ట మీద బండి ఆగిపోయింది. సబ్బు పగిలి ట్యాంకులో పెట్రోలంతా దారిపొడుగునా కారిపోయింది. వేడి ఇంజను మీద పడి అంటుకోకపోవడం మా అదృష్టం. ఆ రోజు బండి మీద వాంతులు, విరేచనాలతో సోలిపోయిన నాలుగేళ్ల పాప ఉంది. సిస్టరమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుని సెలైను సీసా ఎత్తి పట్టుకుని కూర్చుంది. బాబాయ్ పాపను భుజాన వేసుకుని, ఎర్రటి ఎండలో కట్ట వెంట నాలుగు మైళ్లు నడిచి జీపు ఉన్న చోటికి చేర్చాడు. పక్కన సిస్టరమ్మ సీసా పట్టుకుని పరుగు లాంటి నడక. పాప బతికింది. మూడో రోజుకు ఇడ్లీ కావాలని మారాం చేసింది. ఆ మాట విన్నాకే నాకు అన్నం సహించింది.

ఆ మూడో రోజు సాయంత్రం డాక్టరమ్మగారు మా అందరినీ షెడ్డు ముందు నిలబెట్టారు. ఆసుపత్రి పెద్ద ఆవిడే. కోపం వస్తే గొంతు పెంచరు, ఇంకా తగ్గిస్తారు.

"కొత్త బండి. ఏడాదన్నా తిరక్కుండా ట్యాంకు వదులైందంటే ఎట్టా తోలుతున్నావయ్యా? గుంటల్లో ఎగరేస్తున్నావా?"

"లేదండి. నెమ్మదిగానే తోలతానండి."

"మరి దానంతటదే వదులైందా?"

బాబాయ్ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు అబ్బాయ్. నేను ఎగరేసే మనిషినా?"

నా నోటి నుంచి వచ్చిన మాట ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. "ఆ వైపు రోడ్డు బాగోదండి" అన్నాను. అబద్ధం కాదు. ఆ రోజు ఆడగలిగిన అబద్ధాలన్నిటికంటే నీచంగా ఉంది.

"పాప దక్కింది కాబట్టి సరిపోయింది" అన్నారు డాక్టరమ్మగారు. "బండి బాగయ్యాక తోలడానికి వేరే మనిషిని చూద్దాం."

కొత్త ట్యాంకు విదేశాల నుంచి రావాలంటే ఆరు నెలలు పడుతుందన్నారు. నేను బాగుచేస్తానని ముందుకొచ్చాను. తప్పు నాదని చెప్పకుండానే తప్పు దిద్దేసి బయటపడొచ్చని నా ఆలోచన. మర్నాడు ట్యాంకు విప్పి, ఉన్న చుక్క పెట్రోలు కూడా ఒంపేసి, ఇక ఖాళీ కదా అనుకుని సోల్డరింగు కడ్డీ ఎర్రగా కాల్చి ఆ ఇత్తడి బుష్షుకు ఆనించాను. చుట్టూ ప్లాస్టిక్కు కరిగి మళ్లీ పట్టుకుంటుందని లెక్క.

ట్యాంకు మూతిలోంచి భుస్సుమని మంట లేచింది. నా కనుబొమలు, ముందు జుట్టు మాడిపోయాయి. నేను బొమ్మలా నిలబడిపోయాను. షెడ్డు గుమ్మంలో ఊరికే కూర్చున్న బాబాయ్ తడి గోనెసంచి లాగి ట్యాంకు మీద పడేశాడు. రెండో సంచి నా మొహం మీద.

"కళ్లు తెరువు. కనపడతందా? ఇవెన్ని వేళ్లు?"

"మూడు."

"సరే. బతికావు."

సిస్టరమ్మ మొహానికి మందు రాస్తూ, "కనుబొమలు లేకపోతే నువ్వెప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టే ఉన్నావు" అని నవ్వింది. నవ్వుదామంటే నా చర్మం మండింది. ట్యాంకుకు ఏమీ కాలేదు. నిండుగా ఉన్న ట్యాంకు కంటే ఖాళీ చేసిన ట్యాంకు ప్రమాదం. లోపల పెట్రోలు ఆవిరి గాలితో కలిసి మందుగుండులా కాచుకుని ఉంటుంది. ఈ వ్యాసంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన పని పాఠం ఏదైనా ఉంటే అది ఇదే.

డాక్టరమ్మగారు నా మొహం చూసి, ఇక్కడ ఎవరూ ఏమీ చేయొద్దు, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి అన్నారు. బాబాయ్ తనూ వస్తానన్నాడు. "మాట పడింది నేను. అదెట్టా బాగవుద్దో నేను చూడాలి" అన్నాడు.

ముందు బస్సులో బాపట్ల వెళ్లాం. అక్కడ వ్యవసాయ యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపులో ఒక ఇన్‌స్ట్రక్టరు ఉండేవాడు. మందు కొట్టే స్ప్రేయర్ల ప్లాస్టిక్ ట్యాంకులు వందలకొద్దీ చూసిన మనిషి. మేం తీసుకెళ్లిన ఖరీదైన బంక ట్యూబు చూసి తల అడ్డంగా ఊపాడు. ట్యాంకు మీద కాస్త రాసి, ఆరాక గోటితో లాగితే మొత్తం పొరలా లేచొచ్చింది.

"ఈ ప్లాస్టిక్కుకి ఏ బంకా అంటదండి. పాత బుష్షు పీకేసి, కాస్త లావుది, ఒంటి నిండా గాట్లున్నది తయారుచేసి, వేడిగా దింపాలి. చల్లారితే ప్లాస్టిక్కు ఆ గాట్లలోకి పోయి పట్టుకుంటది." నా కనుబొమలు ఉండాల్సిన చోటు చూశాడు. "దింపేముందు ట్యాంకు నిండా నీళ్లు పోయండి. ఆవిరికి చోటుండకూడదు. మంచి లేతు మనిషి ఎవరన్నా ఉన్నాడా మీకు?"

ఉన్నాడు. తెనాలిలో. ఆయన ముందుకు ఈ తప్పుతో వెళ్లడం ఒక్కటే నాకు ఇష్టం లేదు.

మర్నాడు పొద్దున్నే రేపల్లెలో తెనాలి ప్యాసింజరు ఎక్కాం. ట్యాంకును సబ్బునీళ్లతో నాలుగుసార్లు కడిగి, రాత్రంతా ఆరుబయట పెట్టి, గోనెసంచిలో చుట్టాం. అయినా ఎదుటి సీట్లో పెద్దావిడ ముక్కు మూసుకుంది.

"ఏంటి బాబూ ఆ సంచిలో?"

"ఖాళీ డబ్బానండి" అన్నాడు బాబాయ్.

"ఖాళీ డబ్బాకి అంత కాపలా ఏంటి, ఇద్దరు మగాళ్లు?"

రైలు పెట్టెలో అందరూ నవ్వారు, బాబాయ్‌తో సహా. మాట పడ్డ తర్వాత ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు. సరిగ్గా ఆ నవ్వుకే నాకు చెప్పేయాలనిపించింది. వేమూరు వచ్చేలోపు చెబుదామనుకున్నాను. వేమూరు దాటాక, తెనాలి వచ్చేలోపు అనుకున్నాను. తెనాలి కూడా వచ్చేసింది.

మేస్త్రి అప్పటికే అరవై దాటిన మనిషి. లేతు ముందు స్టూలు మీద కూర్చుని ఒక మోటారు షాఫ్టు తిప్పుతున్నాడు. నన్ను చూసి, "ఏరా, ఆ మొహమేంటి?" అని అడిగాడు. మంట సంగతి, బండి ఎగిరి పడి ట్యాంకు వదులైందంటున్నారన్న సంగతి చెప్తుంటే వింటూ ట్యాంకు ఒళ్లో పెట్టుకున్నాడు. బాగున్న బోల్టు విప్పి, రెండు స్క్రూడ్రైవర్లతో ట్యాపు అంచు కింద మీటి, బోల్టుతో సహా బుష్షును బయటికి లాగాడు. వెలుగుకు పెట్టి చూశాడు. తర్వాత ట్యాంకులో ఆ గుంటను చూశాడు. వేలు పెట్టి తడిమాడు.

"బండి ఎగిరి పడిందని ఎవరో చెప్పారన్నావు కదరా?"

"అవునండి."

"గతుకులకి వదులైతే ఈ గుంట ఒక పక్కకి సాగుద్ది, కోలగా. ఇది గుండ్రంగా అరిగింది. లోపలంతా నున్నగా ఉంది. గతుకులు కావురా ఇవి. ఎవరో పొడుగు పానా పెట్టి తిప్పారు. బిగియట్లేదని తెలిసి కూడా తిప్పారు."

లేతు మోటారు ఆగిపోయినట్టు నాకు అనిపించింది. అది తిరుగుతూనే ఉంది.

"నేనేనండి" అన్నాను.

బాబాయ్ గుమ్మం దగ్గర ఇనుప పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. "ఎప్పుడు?" అని అడిగాడు.

"బండి ఆగడానికి రెండు వారాల ముందు. సబ్బు పెట్టాను."

"మరి డాక్టరమ్మగారు అడిగితే రోడ్డు బాగోదన్నావే."

"భయమేసింది బాబాయ్" అన్నాను.

"మా ఇంటిది అడిగిందిరా నన్ను. నిజంగా ఎగరేసి తోలావా, దాచకుండా చెప్పు అని. పాతికేళ్లు కాపురం చేసిన మనిషి." ఆయన లేచి వీధిలోకి వెళ్లి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

నేను వెనకే వెళ్లబోయాను. మేస్త్రి నా చొక్కా పట్టుకుని ఆపాడు. "ఇప్పుడెళ్లి ఏం చెప్తావు? కాళ్లు పట్టుకుంటావా? అది నీకు బాగుంటది, ఆయనకి కాదు. ముందు ఇది బాగుచెయ్. లేతు ఎక్కు."

ఇత్తడి కడ్డీ ఇచ్చి నా చేతే బుష్షు తిప్పించాడు. పాతదానికంటే కొంచెం లావు. ఒంటినిండా గరుకు గాట్లు, నడుము చుట్టూ రెండు లోతైన గాడులు. మొదట చేసింది పారేశాడు, మరలు బాగా రాలేదని. రెండోది గోటితో గీకి చూసి పక్కన పెట్టాడు. తర్వాత పాత ప్లాస్టిక్ డ్రమ్ము ముక్క ఒకటి తెచ్చి, దాని మీద సాధన చేయమన్నాడు. బుష్షులోకి పొడుగు బోల్టు దింపి, బోల్టు తలను సోల్డరింగు కడ్డీతో కాలుస్తూ నెమ్మదిగా నొక్కాలి. మొదటిసారి వంకరగా దిగింది. రెండోసారి వేడి ఎక్కువై ప్లాస్టిక్కు పాకంలా జారిపోయింది. మూడోసారి నిటారుగా, బిగువుగా కూర్చుంది. పట్టకారుతో ఎంత తిప్పినా కదల్లేదు.

"ఇప్పుడు అసలుది. ఇది చెడితే ఇంకో గుంట లేదు" అన్నాడు మేస్త్రి.

"మీరు చేయండి మేస్త్రిగారూ."

"నేనెందుకు చేస్తాను? చెడగొట్టింది నువ్వు."

మూత బిగించి ట్యాంకును తలకిందులు చేసి, ట్యాపు రంధ్రంలోంచి అంచు దాకా నీళ్లు పోశాం. నీళ్లతో నిండిన ట్యాంకు బరువు, గుండ్రటి పొట్ట, బల్ల మీద నిలవడం లేదు. ఎవరో ఒకరు గట్టిగా కౌగలించి పట్టుకోవాలి. మేస్త్రి వీధిలోకి చూసి, "అన్నా, ఒక చెయ్యి వెయ్యాలి" అని కేకేశాడు.

బాబాయ్ వచ్చాడు. నా మొహం చూడకుండా ట్యాంకును రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. ఆయన తల, నా తల జానెడు దూరంలో ఉన్నాయి. బోల్టు తల మీద కడ్డీ ఆనించాను. కొంతసేపు ఏమీ కాలేదు. తర్వాత ప్లాస్టిక్కు సన్నగా మెరిసి, మెత్తబడి, బుష్షు దిగడం మొదలైంది. నా నుదుటి చెమట కళ్లలో పడుతోంది. కనుబొమలు ఉంటే ఆపేవి.

"కుడికి ఒరుగుతోంది" అన్నాడు బాబాయ్.

వీధిలోంచి వచ్చాక ఆయన నాతో అన్న మొదటి మాట అది.

కొంచెం సరిచేశాను.

"ఇంకొంచెం. ఆఁ. ఇప్పుడు నిలువు. నొక్కు."

నొక్కాను. బుష్షు అంచు ట్యాంకు అంచుతో సమానంగా వచ్చి ఆగింది. కడ్డీ తీసేసి, చల్లారేదాకా చెక్కముక్కతో అదిమి పట్టుకున్నాను. మేస్త్రి లెక్కపెట్టినట్టు నిమిషాలు గడిపి, బోల్టు విప్పమన్నాడు. విప్పాను. మళ్లీ బిగించమన్నాడు. చిన్న పానాతో, రెండే వేళ్లతో. బోల్టు బిగిసి ఆగింది. పానా మెత్తబడలేదు. ఆ బిగువు మణికట్టుకు తగిలినప్పుడు నాకు ఏడుపొచ్చింది. మేస్త్రి అటు తిరిగి షాఫ్టు పని అందుకున్నాడు.

తెనాలిలోనే రబ్బరు రింగు కొత్తది దొరికింది. ఆ రింగు కోసం బయలుదేరి ఉంటే ఇదంతా ఒక్క పూట పని.

రేపల్లె తిరిగొచ్చాక ట్యాపు బిగించి, చుట్టూ సుద్దపొడి రాసి, పెట్రోలు పోసి, కింద కాగితం పరిచి ఒక పగలంతా ఉంచాను. గంట గంటకూ వంగి చూశాను. సుద్ద తెల్లగానే ఉంది. అప్పుడు డాక్టరమ్మగారి గదికి వెళ్లి అంతా చెప్పాను. చీటీ రాస్తున్న కలం ఆపి విన్నారు.

"ఆయన్ని నేను అందరి ముందూ అన్నాను. నువ్వు నాకొక్కదానికి చెప్తే ఎట్టా?"

మర్నాడు పొద్దున ప్రార్థన అయ్యాక సిబ్బంది అందరి ముందూ చెప్పాను. నేను ముగించాక డాక్టరమ్మగారు లేచి బాబాయ్ వైపు తిరిగి, "నేను తొందరపడి అన్నానయ్యా. మనసులో పెట్టుకోకు" అన్నారు. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "ఫరవాలేదండి" అన్నాడు. ఆవిడ మళ్లీ నా వైపు తిరిగారు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"సిస్టర్ ఎక్కేముందు ఆ బండి నువ్వెక్కు. పల్లె దాకా వెళ్లి రండి, ఇద్దరూ."

కరకట్ట మీద ఆ ప్రయాణం నేను వెనక చట్రం పట్టుకుని చేశాను. మైలు మైలుకూ బాబాయ్ బండి ఆపేవాడు. నేను దిగి ట్యాపు కింద వేళ్లు పెట్టి చూసేవాణ్ణి. పొడి. మళ్లీ మైలు. పొడి. ఒకచోట కావాలనే ఆయన గుంటలోకి దింపి ఎగరేశాడు. నా నాలుక కొరుక్కున్నాను. దిగి చూస్తే పొడి.

పల్లె చివర సరుగుడు చెట్ల నీడన బండి ఆపి ఇద్దరం ఇసుకలో కూర్చున్నాం. సముద్రం గాలి కొడుతోంది. నేను మాటలు కూడదీసుకుని, "బాబాయ్, క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు" అన్నాను.

ఆయన గుప్పెడు ఇసుక తీసి వేళ్ల మధ్య నుంచి జారవిడిచాడు.

"మళ్లీ ఎప్పుడన్నా ఇట్టాంటిది జరిగితే ముందు నాకు చెప్పు అబ్బాయ్" అన్నాడు. "దాచాల్సిందే అయితే ఇద్దరం కలిసి దాచుదాం."

ఆయన ఉద్యోగం మానేదాకా ఆ షెడ్డులో కలిసే పనిచేశాం. నా చేతిలో చెడిపోయినవి తర్వాత కూడా చాలానే ఉన్నాయి. ప్రతిసారీ ముందు ఆయన దగ్గరికే వెళ్లాను. దాచే అవసరం మాత్రం ఒక్కసారీ రాలేదు.